ముందు పెట్రోల్ పైపు, తరవాతే పెయింటింగ్

సంపాదకులకు నమస్కారం.

ఎంజీఏ, ఎంజీబీ, ట్రయంఫ్ స్పిట్‌ఫైర్... పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఏది చేతికొచ్చినా మన దగ్గర అది మొదట పోయేది డెంటింగ్, పెయింటింగ్ షెడ్డుకే. రంగు మెరుస్తుంది, ఫొటోలు దిగుతారు. నెల తిరగకముందే బండి కాజీపేట బ్రిడ్జి మీద ఆగిపోతుంది, లేదా బానెట్ లేపితే పెట్రోల్ వాసన గుప్పుమంటుంది. తప్పంతా ఈ20 పెట్రోల్ మీదికి, అంటే 20 శాతం ఇథనాల్ (ఒక రకం ఆల్కహాల్) కలిపిన పెట్రోల్ మీదికి, నెట్టేస్తారు. అది సగమే నిజం. ఆ పెట్రోల్‌కు తట్టుకునేలా బండిని తయారు చేయకపోవడం మిగతా సగం.

ఈ పెట్రోల్ 2023 ఫిబ్రవరిలో మొదలై 2025 నాటికి దేశమంతా పరుచుకుంది. ఇథనాల్ కలపని పెట్రోల్ కూడా అందుబాటులో ఉంచాలన్న పిటిషన్‌ను 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇథనాల్‌కు మొక్కజొన్న అమ్మే మన రైతుకు నాలుగు రూపాయలు ఎక్కువొస్తే ఎవరికి చేదు? కాకపోతే 1962లో రోడ్డెక్కిన ఎంజీబీకి ఈ సంగతి తెలియదు.

పెట్రోల్ సరిగ్గా మండాలంటే కిలోకు దాదాపు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. అంటే ఈ20 పోసినప్పుడు గాలి తగ్గించాలి, లేదా పెట్రోల్ పెంచాలి. కొత్త కార్లలో సెన్సర్ ఆ పని చూసుకుంటుంది. ఈ పాత కార్లలో గాలినీ పెట్రోల్‌నూ కలిపే ఎస్‌యూ కంపెనీ కార్బొరేటర్‌కు అలాంటిదేమీ లేదు, పాత కొలతలోనే పోస్తుంది. దాంతో మిశ్రమం పలచబడి (గాలి ఎక్కువై, ఇంధనం తక్కువై) ఇంజన్ హీటెక్కుతుంది, పికప్ పోతుంది, రేస్ ఇస్తే మిస్సింగ్ కొడుతుంది. సరిచేయడం కష్టమేం కాదు. ఇంజన్ బాగా వేడెక్కాక కార్బొరేటర్ పక్కనున్న చిన్న పిన్నుతో లోపలి పిస్టన్‌ను 0.8 మిల్లీమీటర్లు, అంటే గోరు మందమంత, పైకి లేపండి. ఇంజన్ ఆగబోతే మిశ్రమం పలచన. స్పీడు పెరిగి అలాగే ఉండిపోతే చిక్కన. ఒక్క క్షణం కొద్దిగా పెరిగి మళ్లీ సర్దుకుంటే సరిపోయినట్టు. పలచనగా ఉంటే అడుగున జెట్ (పెట్రోల్ వచ్చే సన్నటి గొట్టం) నట్టును ఒక్కో ముఖం చొప్పున, అంటే ఆరో వంతు చుట్టు, కిందికి తిప్పి మళ్లీ చూడాలి. రెండు కార్బొరేటర్లున్న బండికి ముందు రెండింటి గాలినీ సమానం చేయాలి. రబ్బరు ట్యూబు ఒక కొస చెవి దగ్గర, రెండో కొస కార్బొరేటర్ నోటి దగ్గర పెట్టి వింటే రెండు చోట్లా ఒకే బుస వినిపించాలి. పైన డాష్‌పాట్‌లో, అంటే పిస్టన్ మీదుండే డబ్బాలో, నూనె లేకపోతే రేస్ ఇచ్చినప్పుడు తడబడుతుంది. ఎస్ఏఈ 20 ఆయిల్, లోపలి గొట్టం అంచుకు అరంగుళం పైదాకా పోస్తే చాలు. నట్టుతో ఐడిల్ కుదిరినా హైవే మీద ప్లగ్గులు తెల్లగా తేలుతుంటే జెట్‌లోకి దిగే నీడిల్ (సూది) ఇంకో రకం వేయాల్సిందే. ప్లగ్గు మొన బిస్కెట్ రంగులో ఉండాలి.

అసలు ప్రమాదం రబ్బరుతో. పాత పెట్రోల్ పైపులు ఇథనాల్‌కు ఉబ్బి, మెత్తబడి, ఆరినప్పుడు పగుళ్లిస్తాయి. వేళ్ల మధ్య వంచి చూడండి, సన్నటి గీతలు కనిపిస్తే ఆ పైపు పని అయిపోయినట్టే. ఎంజీబీలో కార్బొరేటర్లు, సైలెన్సర్ మానిఫోల్డ్ ఒకే వైపు ఉంటాయి. కారిన చుక్క పడేది ఎర్రగా కాలిన ఇనుము మీద. అందుకే ఇథనాల్‌కు తట్టుకునే, ఎస్ఏఈ జే30 ఆర్9 (SAE J30 R9) అని ముద్ర ఉన్న పైపే కొనాలి. కార్బొరేటర్‌లోకి పెట్రోల్ రాకను మూసే ఫ్లోట్ నీడిల్ మొన వైటాన్ (ఇథనాల్‌కు తట్టుకునే రబ్బరు) రకం ఉండాలి. ఎంజీఏ కార్బొరేటర్లలో జెట్ చుట్టూ బెండు వాషర్లుంటాయి, బండి నెలల తరబడి నిలబడితే ఎండి ముడుచుకుపోతాయి. కొత్త కిట్టు వేయకుండా సెల్ఫ్ కొట్టొద్దు.

ట్యాంకు సంగతీ అంతే. ఇథనాల్ లోపల పేరుకున్న జిగురును, తుప్పును కడిగి ముందుకు తోస్తుంది. ట్యాంకు దించి, పిడికెడు గొలుసు ముక్కలు వేసి ఊపి కడిగి, గాలి పెట్టి పూర్తిగా ఆరబెట్టాలి. ఖాళీ ట్యాంకుకు వెల్డింగ్ పెట్టించడం చావుతో చెలగాటం, మిగిలిన ఆవిరి బాంబులా పేలుతుంది. లోపల పాత పూత ఉంటే ఇథనాల్‌కు పొరలు పొరలుగా లేస్తుంది, కొత్త పూత ఇథనాల్‌కు తట్టుకునేదని డబ్బా మీద రాసి ఉండాలి. పంపుకు, కార్బొరేటర్‌కు మధ్య ఫిల్టర్ పెట్టి 500 కిలోమీటర్లకే మార్చండి. తాళం తిప్పగానే ఎస్‌యూ పంపు టిక్ టిక్‌మని కాసేపటికి ఆగాలి. ఆగకుండా కొట్టుకుంటుంటే ఎక్కడో కారుతోంది, లేదా ఫ్లోట్ నీడిల్ మూసుకోవడం లేదు.

మే నెలలో సిగ్నల్ దగ్గర ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే రాదు. కార్బొరేటర్‌కు ఆనుకుని పెట్రోల్ నిలిచే ఫ్లోట్ చాంబర్‌లో అది మరిగిపోతుంది, ఇథనాల్ మరగడానికి 78 డిగ్రీలు చాలు మరి. అప్పుడు మనవాళ్లు అంబాసిడర్ అలవాటుతో పెట్రోల్ పంపుకు చుట్టి చల్లబరచడానికి తడి గుడ్డ వెతుకుతారు. అంబాసిడర్‌లో పంపు ఇంజన్‌కే బిగించి ఉంటుంది కాబట్టి అక్కడది పనిచేసింది. ఎంజీబీ పంపు వెనక చక్రం దగ్గరుంటుంది, బానెట్ కింద తడి గుడ్డ ఎవరికి చుట్టాలి? పీకి పక్కన పడేసిన హీట్ షీల్డును (వేడి తగలకుండా అడ్డుండే రేకును) తిరిగి బిగించండి, కార్బొరేటర్ వెనక ఇన్సులేటర్ దిమ్మెను మానొద్దు, ఆపాక పది నిమిషాలు బానెట్ తెరిచి ఉంచండి.

ఈ20తో ఒక లాభం కూడా ఉంది. ఆక్టేన్ (ఇంజన్ కొట్టుకోకుండా ఆపే గుణం కొలత) 95 కాబట్టి ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ కొట్టుకోదు.

2021 జులై నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన కారును వింటేజ్‌గా రిజిస్టర్ చేయించవచ్చు. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లకు చెల్లుతుంది. కానీ అలా చేయిస్తే రోజువారీ తిరగడం కుదరదు, ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోల్ పోయించడానికి, రిపేరుకే. దాంతో కారు వారాల తరబడి షెడ్డులో నిలబడుతుంది. వానాకాలం తేమను ఇథనాల్ పీల్చుకుంటుంది, ఒక హద్దు దాటితే నీరూ ఇథనాలూ కలిసి అడుగుకు దిగుతాయి, సెల్ఫ్ కొట్టగానే ఇంజన్‌కు ముందు అందేది అదే. సగం ట్యాంకుతో నిలపకండి. వాడుతుంటే నిండుగా ఉంచండి, నెలలపాటు ఆపేస్తే పూర్తిగా దించేయండి.

బంకులో పోస్తున్నదేమిటో ఇంట్లోనే చూసుకోవచ్చు. 100 మిల్లీలీటర్ల మెజరింగ్ జార్‌లో 20 గీత దాకా నీళ్లు, ఆపైన 100 దాకా పెట్రోల్ పోసి, మూత బిగించి ఊపి, పది నిమిషాలు కదపకండి. ఇథనాల్ నీళ్లలోకి దిగుతుంది. అడుగు పొర 20 దగ్గరే ఆగితే ఇథనాల్ లేనట్టు, 36 దాకా పెరిగితే ఈ20. ఆరుబయట, నిప్పుకు దూరంగా చేయండి.

పానాల గురించి ఒక మాట. ఎంజీబీ బోల్టులు అంగుళాల లెక్క. అరంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు, దానికి 13 నంబరు పానా వేస్తే తల గుండ్రమవుతుంది. 1967 దాకా వచ్చిన ఎంజీబీలకు బ్యాటరీ ప్లస్ బాడీకి ఉంటుంది. అలవాటుగా మైనస్ బిగించే ముందు బండి ఏ సంవత్సరానిదో చూసుకోవాలి.

అధికారులకు రెండు విన్నపాలు. ప్రతి పంపు మీద ఇథనాల్ శాతం తెలుగులో, కంటికి కనిపించేంత పెద్దగా రాయించండి. 2020లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక బైకులకు కూడా కార్బొరేటర్లు పోయాయి, ఆటోనగర్‌లో కొత్తగా పని నేర్చుకుంటున్న పిల్లలకు అది విప్పి చూసే అవకాశమే లేదు. వరంగల్, కరీంనగర్ ఐటీఐల్లో మోటార్ మెకానిక్ విద్యార్థుల బల్ల మీద ఒక ఎస్‌యూ కార్బొరేటర్ పెట్టించండి, పాత ఇనుప సామాను దుకాణంలో దొరికినదైనా సరే.

ఇట్లు,
ఒక పాఠకుడు, హనుమకొండ