సంక్రాంతికి ఆ పేరు ఎలా వచ్చిందంటే

అందరికీ నమస్కారమండి. పిల్లలకి ఈ పండగ పేరు వెనక సంగతి చెప్పండి. సూర్యుడు ఒక రాశి నుంచి ఇంకో రాశిలోకి అడుగుపెట్టడమే సంక్రమణం, సంక్రాంతి. అలా ఏడాదికి 12 వస్తాయి. మనం ఇంత ఘనంగా చేసుకునేది మకరరాశిలోకి వెళ్లే రోజునే. సార్వా (ఖరీఫ్) ధాన్యం ఇంటికొచ్చే కాలం కూడా కాబట్టే ఈ సందడి అని నా నమ్మకం. ఉగాది, దసరా, దీపావళి చంద్రుడి లెక్క, అందుకే తేదీలు అటూఇటూ జరుగుతాయి. ఇది సూర్యుడి లెక్క, జనవరి 14 లేదా 15 దాటదు. శతాబ్దాలు గడిచేకొద్దీ మాత్రం మెల్లగా తర్వాతి తేదీలకి జరుగుతోంది. ఉత్తరాయణం మొదలంటాం గానీ, పగలు పెరగడం డిసెంబరు 22 నాటికే మొదలైపోతుంది.

కనుమ నాడు కోనసీమలోని జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల (పదకొండు మంది శివుళ్ల) ప్రభల తీర్థానికి, అంటే అలంకరించిన ప్రభల్ని మోసుకొచ్చే జాతరకి, వచ్చేవాళ్లు పేర్లు ఇక్కడే పెట్టండి. పిల్లల్ని తప్పకుండా తీసుకురండి.