ఇల్లు చూడ్డానికి ఇక 500 రూపాయలు: ఎందుకో చెబుతున్నాం

వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి మీ ఇంటికొచ్చి కొలతలు తీసి, ఏ సామాను ఎక్కడ పెట్టాలో గీసిచ్చినందుకు 500 రూపాయలు తీసుకుంటాం. ఇన్నాళ్లూ ఈ పని ఉచితంగానే చేశాం. కొట్లో ఈ మాట అనగానే "ఏంటక్కా, మనలో మనకి కూడానా?" అన్నవాళ్లున్నారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

మాది గుడివాడలో చిన్న వడ్రంగి షెడ్డు. మంచాలు, కప్‌బోర్డులు, టీవీ యూనిట్లు చేస్తాం. మాకు డబ్బొచ్చేది చెక్క మీద, దాని మీద చేసే పని మీద. మీ ఇంట్లో ఎంత చెక్క దిగితే మాకంత లాభం. "ఈ గదికి కొత్త కప్‌బోర్డ్ అక్కర్లేదమ్మా, ఉన్న బీరువా ఆ మూలకి జరపండి చాలు" అని చెప్పొచ్చిన రోజు మాకు పెట్రోలు ఖర్చు కూడా గిట్టదు. కానీ చాలా ఇళ్లలో చెప్పాల్సింది సరిగ్గా ఆ మాటే. మంచం అమ్మితేనే ఇల్లు గడిచేవాడు మంచం వద్దని ఎన్నిసార్లు చెబుతాడు? అందుకని సలహాకి కూలి విడిగా పెట్టుకున్నాం. మా దగ్గరే ఆర్డరిస్తే ఆ 500 బిల్లులో తగ్గిస్తాం. ఇవ్వకపోయినా గీసిచ్చిన కాగితం మీదే, దాంతో ఎవరి దగ్గరైనా చేయించుకోండి.

ఆ కాగితం వల్ల ఏం ఒరుగుతుందంటారా? పది బై పది పడగ్గది తీసుకోండి. అందరూ అడిగేది ఆరు బై ఆరున్నర మంచం, దాని కాళ్ల వైపు గోడకి కప్‌బోర్డ్. పదిలో ఆరున్నర మంచానికి పోతే మిగిలేది మూడున్నర. హ్యాంగర్లు పట్టాలంటే కప్‌బోర్డ్ లోతు రెండడుగులుండాలి. ఇక అడుగున్నర. అందులోనే తలుపు తెరుచుకోవాలి, మనిషి నిలబడాలి, చీర మడత పెట్టాలి. అప్పుడు జరుపుడు తలుపులు పెట్టమంటారు, ఖర్చు ఇంకా పెరుగుతుంది. అదే ఐదడుగుల మంచం వేసి, దాన్ని పక్క గోడకి ఆనించి, కప్‌బోర్డ్‌ని ఎదురు పక్క గోడకి పెడితే మధ్యలో మూడడుగుల నడవ మిగులుతుంది. మామూలు తలుపులే సరిపోతాయి.

"మరి వాస్తో?" అంటారు. కుదురుతుంది. తల దక్షిణం పెట్టి మంచాన్ని తూర్పు గోడకి ఆనిస్తే, నైరుతి మూలలో మూడడుగుల ఇనుప బీరువా దక్షిణపు గోడకి వీపు పెట్టి ఉత్తరం చూస్తూ కూర్చుంటుంది. రెంటి మధ్యా రెండడుగుల జాగా. గుమ్మం సరిగ్గా ఆ మూలే ఉంటే మాత్రం వాస్తో, నడవో ఒకటి వదులుకోవాలి. ఏది వదలాలో మీరూ మీ అత్తగారూ తేల్చుకుని చెప్పండి, మేం మధ్యలోకి రాం.

మల్లాయపాలెం టిడ్కో ఇళ్ల (ప్రభుత్వం కట్టించిన ఫ్లాట్ల) వాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. టిడ్కోలో 300, 365, 430 చదరపు అడుగుల రకాలున్నాయి. ఆ ఇళ్లకి షోరూముల్లో కనబడే ఎల్ ఆకారం సోఫా వద్దు. అది హాల్లో దిగితే బాల్కనీకి దారి ఉండదు. లోపల సామాను పెట్టుకునే నాలుగడుగుల దివాన్, రెండు కేన్ కుర్చీలు చాలు. పూర్తిగా వెదురుతోనో కేన్‌తోనో చేసిన ఫర్నిచర్ మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం నుంచి 5కి తగ్గింది. చెక్క ఫర్నిచర్‌కి 18 శాతమే. ఆ కుర్చీలు మేం చేయం, అయినా చెబుతున్నా.

ఇంకోటి, ఆ టిడ్కో ఇళ్ల గోడలు ఇటుకవి కావు. షీర్ వాల్ పద్ధతిలో పోసిన కాంక్రీట్. మామూలు మేకు కొడితే వంగి పడిపోతుంది. హ్యామర్ డ్రిల్‌తో రంధ్రం చేసి ప్లగ్గు దించాలి. కాబట్టి కర్టెన్ రాడ్లు, అరలు, దేవుడి పటాలు ఎక్కడెక్కడో ముందే తేల్చుకుని ఒకే రోజు అన్నీ వేయించుకోండి, డ్రిల్ మనిషికి రెండుసార్లు కూలి ఇవ్వక్కర్లేదు. గోడ తొలిచి గూడు పెట్టమని అడగొద్దు. పై అంతస్తుల బరువు మోసేది ఆ గోడే. ఎంతిచ్చినా మేం ముట్టుకోం.

ఈ నెలతో పార్టికల్ బోర్డ్ (చెక్క పొట్టుని జిగురుతో నొక్కి చేసే షీటు) పని మానేస్తున్నాం. ధర తక్కువే, చూపుకీ బాగుంటుంది. కానీ 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు చూశాం కదా, నానిన పార్టికల్ బోర్డ్ ఉబ్బి అటుకుల్లా రాలిపోయింది. ఇనుప బీరువాలు కడిగి రంగేసుకున్నవాళ్లున్నారు. వరదే రానక్కర్లేదు, మన కృష్ణా డెల్టా తేమకీ బాత్రూం గోడ చెమ్మకీ కూడా అది ఆగదు. ఇకపై రెండే రకాలు: వంటగదికి, బాత్రూం గోడని ఆనుకున్న వాటికి నీటిని బాగా తట్టుకునే ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైవుడ్, మిగతా గదులకి మామూలు వాడకానికి సరిపోయే ఐఎస్ 303. షీటు దించేటప్పుడు ఆ అంకె మీరే చూసుకోండి. వెనక గోడకి అంగుళం ఖాళీ వదిలే బిగిస్తాం, బూజు పట్టకుండా.

దీనివల్ల మా రేట్లు పెరుగుతాయి, దాచేదేం లేదు. డబ్బు చాలనివాళ్లకి మా సలహా: నాసిరకంతో గోడంతా చేయించకండి. ఈ ఏడాది ఒక్క కప్‌బోర్డే మంచి చెక్కతో చేయించి, పైన అటకకి తలుపులు వచ్చే ఏడాది పెట్టించుకోండి. అంతవరకూ ఓ కర్టెన్ గుడ్డ వేలాడదీస్తే ఎవరూ మిమ్మల్ని ఏమీ అనరు.

ఫాల్స్ సీలింగ్ గురించి కూడా చెప్పేస్తా, దాని మీద మాకు మంచి కమీషనే వస్తుంది కాబట్టి. తొమ్మిదడుగుల ఎత్తున్న హాల్లో ఆరంగుళాలు కిందికి దించి, ఫ్యాన్ ఇంకా కిందికి దించి, ఆ గుహలో ఆరు లైట్లు పెట్టుకోవడం దేనికి? ఆ డబ్బులో పావు వంతుతో హాలు మారిపోతుంది. తెల్లటి 6500 కెల్విన్ ట్యూబు చదువుకునే చోట ఉంచి, కూర్చునే చోట 3000 కెల్విన్ పసుపు బల్బు పెట్టండి. కర్టెన్ రాడ్ కిటికీకి ఆరంగుళాలు పైన బిగించి, గుడ్డ నేల దాకా వదలండి, గోడ ఎత్తుగా కనబడుతుంది. నాలుగడుగుల కిటికీకి ఎనిమిదడుగుల వెడల్పు గుడ్డ కావాలి, లేకపోతే కుచ్చులు రావు. విజయవాడ వన్ టౌన్ వస్త్రలత బట్టల మార్కెట్లో బేరమాడి తెచ్చుకోండి. పెడన కలంకారీ అయితే మనకి ఇంకా దగ్గర.

పల్లెటూళ్లో అమ్మమ్మగారి టేకు పందిరి మంచం పడుంటే పాత సామాన్ల వాడికి అమ్మకండి. ఫోటో పంపండి. ఆ కోళ్లతో, పట్టీలతో దివాన్ అవుతుంది. కూలి మాత్రమే తీసుకుంటాం. ఈ పని మా మేస్త్రికి భలే ఇష్టం. అందుకే కాస్త ఆలస్యం కూడా చేస్తాడు, ముందే చెబుతున్నా.

ఆలస్యం అంటే గుర్తొచ్చింది. శ్రావణంలో గృహప్రవేశాలున్నవాళ్లు ఆషాఢం మొదట్లోనే రండి. ఉన్నది ఇద్దరు వడ్రంగులే. పెళ్లిళ్లు, గృహప్రవేశాలు లేని ఆ నెలలో మాకు పని తక్కువ, మీకు కూలిలో కాస్త తగ్గించగలం. అడ్వాన్సు ఎప్పట్లాగే సగం, ప్లైవుడ్ కొట్టువాళ్లు మాకు అరువివ్వరు.

వచ్చేటప్పుడు గది పొడవు, వెడల్పు, గుమ్మం ఎటు తెరుచుకుంటుందో, స్విచ్‌బోర్డులు ఎక్కడున్నాయో కాగితం మీద రాసుకుని, గది నాలుగు మూలలూ కనబడేలా ఫోన్‌లో వీడియో తీసుకురండి. ఆ రెండూ ఉండి, మీ ప్రశ్న ఒక్క గదికే అయితే కొట్లోనే గీసిస్తాం, దానికి 500 అక్కర్లేదు. మంగళవారం సెలవు.