అరికాలి కాయ

హనుమకొండ.

చిరంజీవి స్వాతికి, బాపు ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. భద్రకాళి చెరువు నిండింది, పెరట్లో జామ కాపు పట్టింది. ఇరవై రోజులుగా నీ నుంచి మాట లేదు. నీ అరికాలిలో ఎర్రని కాయ లేచిందనీ, దానికి పట్టీ అంటించుకొని ఆఫీసుకు తిరుగుతున్నావనీ చిన్నత్త చెప్పింది. ఆమె మాటలో సగం తగ్గించుకోవాలని నాకు తెలుసు. మిగిలిన సగానికే నిద్ర పట్టడం లేదు.

అమ్మ కాలి సంగతి నీకు పూర్తిగా చెప్పలేదు, అప్పుడు నీకు పరీక్షలు. ఆమె కూడా ఆనెకాయ అనుకొని మెడికల్ షాపు పట్టీలు రెండు నెలలు అంటించింది. చుట్టూ చర్మం తెల్లగా నానింది గాని, శనగగింజంత కాయ ఎర్రగా అలాగే ఉంది. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర చెప్పులు లేకుండా ఆడి వస్తే, వాకిలి నుంచి వంటింటి దాకా షాబాదు బండల మీద ప్రతి రెండో అడుగుకు ఒక రక్తపు మరక. మొదట చూపించిన చోట పులిపిరి అని కరెంటుతో కాల్చారు, ముక్కను పరీక్షకు పంపలేదు. అడగనందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు. ఐదు నెలలకు మళ్లీ మొలిచింది.

రెండవ వైద్యురాలు చర్మాన్ని పెద్దదిగా చూపే డెర్మటోస్కోపుతో చూసి, కాయ చుట్టూ కందకంలా ఉన్న పల్లాన్ని నాకు చూపించి, ఇది చెమట గ్రంథి నాళానికి సంబంధించిన పోరోమా అనే అరుదైన గడ్డ కావచ్చునన్నది. ఓరుగల్లు వాళ్లకు కందకం గురించి చెప్పాలా అని నేను నవ్వబోతే, రంగు తేలని మెలనోమా క్యాన్సర్ కూడా ఇలాగే కనిపించవచ్చు, ముక్క పరీక్ష లేకుండా తేల్చలేమన్నది. నా నవ్వు అక్కడే ఆగింది. అరికాళ్లలో, అరచేతుల్లో చెమట గ్రంథులు దట్టంగా ఉంటాయి కనుక పోరోమా అక్కడ ఎక్కువగా వస్తుందట. పింకస్ అనే వైద్యుడు సహచరులతో కలిసి దీనిని తొలిసారి వివరించినది 1956లో, అంటే నేను పుట్టిన ఏడు.

మొత్తం కోసి, ముక్క చెడకుండా ఫార్మలిన్ ద్రవం ఉన్న సీసాలో వేసి పరీక్షకు పంపారు. ఎనిమిది రోజులకు రిపోర్టు వచ్చింది: పైపొర నుంచి కిందికి దిగిన, ఒకే తీరుగా ఉన్న చిన్న కణాలు, నడుమ సన్నని నాళాలు, పోరోమాయే, క్యాన్సర్ కాదు. కొంత మిగిలిపోతే మళ్లీ వస్తుంది, ఏళ్ల తరబడి వదిలేస్తే అరుదుగా క్యాన్సర్‌గా మారవచ్చు.

నీది అదేనని నేను అనడం లేదు, ఆనెకాయే కావచ్చు. కాని ఆనెకాయ ఊరికే రక్తం కార్చదు. పట్టీ తీసేయి, బ్లేడుతో గీకకు, నీ అలవాటు నాకు తెలుసు. చర్మ వైద్యులకు చూపించు. కోస్తే ముక్కను పరీక్షకు పంపుతున్నారా అని నోరు తెరిచి అడుగు. ఇంత చదివించింది అడగడానికి కాకపోతే మరి దేనికి? ఉపన్యాసం చెప్పనని అమ్మకు మాట ఇచ్చి రాయడానికి కూర్చున్నాను, ఆపుతున్నాను.

కుట్లు పడితే కొన్నాళ్లు ఆ కాలు ఆనించి నడవరాదు. అమ్మ అప్పుడే సంచి సర్దింది, సకినాల డబ్బా కూడా పెట్టింది. మీ గది ఎన్నో అంతస్తో, లిఫ్టు ఉందో లేదో వెంటనే రాయి.

బాపు