కంపాలా నుంచి పెరంబూరు ఇంటికి

కంపాలా,
శుక్రవారం రాత్రి

ప్రియమైన నాన్నగారికి, అమ్మకు మీ కుమారుడు ప్రభువు నామమున వ్రాయు వందనములు.

నేను క్షేమంగా ఉన్నాను. ఫ్యాక్టరీలో ఆడిటు ముగిసింది, జీతం నెలనెలా ఒకటో తేదీకే అందుతోంది. ఈ మాట దగ్గర మీరు కళ్లద్దాలు సవరించుకొని మళ్లీ చదువుతారని నాకు తెలుసు. ఎందుకంటే ఏప్రిల్, మే నెలల్లో జీతం ఆలస్యమైందని మీకు ఫోనులో చెప్పినవాడిని నేనే. అది అబద్ధం, నాన్నగారూ. జీతం వచ్చింది. దానిని నేను ఫుట్‌బాల్ పందేలలో పోగొట్టుకున్నాను. అన్నీ కలిపి మన డబ్బులో 1,80,000 రూపాయలు పోయాయి, అందులో 90,000 తోటి ఉద్యోగి దగ్గర తెచ్చిన అప్పు. పగలంతా ఇతరుల లెక్కలు పైసాతో సహా సరిచూసేవాడిని, రాత్రి నా లెక్క మాత్రం చూసుకోలేదు.

పోయిన ఆదివారం ఆరాధన ముగిశాక ఒకరు అమ్మను మెట్ల దగ్గర ఆపి, "మీ అబ్బాయి విషయమై మేమంతా ప్రార్థిస్తున్నాము" అన్నారనీ, సంగతి తెలియక అమ్మ నవ్వి ఊరుకుందనీ చెల్లి చెప్పింది. అమ్మా, నీవు ఆ మెట్ల మీద నవ్విన నవ్వు తలచుకుంటే నాకు అన్నం సహించడం లేదు. ఈ సంగతి నీవు ముందుగా నా నోట వినవలసింది. ఇక్కడి మా గృహకూడికలో నేను చెప్పిన మాటను ఒకరు, పేరు వ్రాయను, "ప్రార్థన అంశం" అని చెప్పి చెన్నైలో ఉన్న తమవారికి చేరవేశారు. మన విశ్వాసులలో కబుర్లకు ఇంతకంటే మంచి ముసుగు మరొకటి లేదు. కోపం వచ్చింది, ఇంకా పూర్తిగా పోలేదు.

అయితే పదిమంది ముందు ఎందుకు చెప్పావని, ఇంటి పరువు గుర్తు రాలేదా అని మీరు చెల్లితో అన్నారట. దానికి జవాబు ఫోనులో చెప్పలేకనే ఈ ఉత్తరం వ్రాస్తున్నాను.

మేము కూడుకొనే ఇల్లు నమిరెంబె కొండ దిగువన ఉంది. 1929లో ఆ కొండ మీదనే ఒక ఇంగ్లీషు మిషనరీ డాక్టరు, ఒక ఉగాండా విశ్వాసి కలిసి కూర్చొని వాక్యం చదివి ప్రార్థించారట. ఆ తరువాత కొన్నేళ్లకు రువాండాలోని గహినిలో మొదలైన ఉజ్జీవం, అంటే విశ్వాసుల మేలుకొలుపు, ఈ దేశాలన్నిటా పాకింది. ఆ ఉజ్జీవపు మనుషులను ఇక్కడ "బలొకొలె" అంటారు, రక్షింపబడినవారని అర్థం. వారి మధ్య దాపరికం తక్కువ. దొంగిలించినది తిరిగి ఇచ్చేవారు, పాత అప్పులు తీర్చేవారు, తెల్లదొరలు సైతం తమ గర్వాన్ని నల్లవారి ముందు ఒప్పుకొన్నారు. మా కూడికలో ఆ సంప్రదాయంలో పెరిగిన ఒక పెద్దాయన ఉన్నారు. నేను మొదటిసారి వెళ్లిన రోజున ఆయన లేచి, "ఈ ఉదయం నా భార్యతో కఠినంగా మాట్లాడాను, ఆమెను క్షమాపణ అడిగి వచ్చాను, నా కోసం ప్రార్థించండి" అని చెప్పి కూర్చున్నారు.

నేను ఆశ్చర్యపోయింది తప్పును చూసి కాదు, "ఈ ఉదయం" అన్న మాట విని. మన సంఘంలో ఎన్ని సాక్ష్యాలు విన్నాను! అన్నీ గడిచిన కాలంలోనివే: ఒకప్పుడు త్రాగేవాడిని, ఒకప్పుడు పేకాడేవాడిని, ప్రభువు విడిపించాడు. నిన్న రాత్రి త్రాగానని చెప్పిన మనిషిని పెరంబూరులో నేనింతవరకు చూడలేదు. ప్రార్థన అంశాలంటే మోకాళ్ల నొప్పులు, పరీక్షలు, వీసాలు, పిల్ల పెండ్లి. అవి అడగడానికి ఎవరికీ సిగ్గు లేదు.

నాన్నగారూ, ఒక సంగతి మీకు ఎన్నడూ చెప్పలేదు. 2015 డిసెంబరు వానలకు మన ఇంట్లోకి నీళ్లు వచ్చిన వారంలో, ఒక రాత్రి మీరు వంటగదిలో తడిసిన బియ్యపు బస్తా మీద కూర్చొని, వడ్డీకి తెచ్చిన డబ్బు ఎలా తీర్చాలో తెలియక ఏడ్చారు. నేను మేలుకొనే ఉన్నాను. ఆ ఆదివారం మీరు తెల్ల చొక్కా వేసుకొని, "ప్రభువు మా ఇంటికి ఏ కొదువా రానీయలేదు" అని సాక్ష్యమిచ్చారు. మిమ్మల్ని తప్పుపట్టడానికి వ్రాయడం లేదు. మీరు సంఘ పెద్ద, మీ మాట మీద ఎందరో ఆనుకొని ఉన్నారు. కానీ ఆ రోజు మన వరుసలో కూర్చున్న వారిలో ఎందరు మీలాగే అప్పు చేసి, మీ సాక్ష్యం విని తమ నోరు నొక్కుకొన్నారో అని ఇప్పుడు అనిపిస్తుంది. నేనూ ఆ వరుసలోనే కూర్చున్నాను.

మన ముత్తాతల కథ మీరు ఎంత గర్వంగా చెబుతారు! కరవులో మిషనరీ క్లౌ దొరగారి కింద బకింగ్‌హాం కాలువ త్రవ్విన కూలీలు, అన్నం కోసం చేరారన్న మాట రాకుండా ఆ పని సాగినన్నాళ్లూ దొరగారు బాప్తిస్మం ఆపడం, తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజునే 2,222 మంది బాప్తిస్మం పొందడం. వారి ఆకలి అందరికీ తెలిసిన ఆకలి, దాచుకోవడానికి వారి దగ్గర ఏమీ లేదు. మనకు పక్కా ఇల్లు వచ్చింది, దానితో తలుపు కూడా వచ్చింది.

పైగా "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి" అన్న యాకోబు మాట నేను చిన్నప్పుడు మీ దగ్గరే కంఠస్థం చేశాను. ఒకనితోనొకడు అన్నాడే కాని మైకు ముందు అనలేదని మీరు అంటారు. అది నిజమే, అందరి ముందు అన్నీ చెప్పనక్కరలేదు. నేను కూడా మొదట ఆ పెద్దాయన ఒక్కరితోనే చెప్పవలసిందేమో. ఆ రోజు నోరు ఆగలేదు. చెప్పిన తరువాత ఎవరూ వాక్యం ఎత్తి బుద్ధి చెప్పలేదు. ఒక మలయాళీ సోదరుడు నన్ను మా గది వరకు దించి, నా చేతనే ఫోనులోని పందేల ఖాతా మూయించాడు. ఇప్పుడు ప్రతి శనివారం నా ఖర్చుల పుస్తకం చూస్తున్నాడు. అప్పులో 35,000 తీరింది.

అమ్మా, నీ గోంగూర పచ్చడి సీసా అడుగంటింది. ఇక్కడి వారు పచ్చి అరటికాయను ఆవిరి మీద ఉడికించి ముద్ద చేసి తింటారు. ఆ చప్పిడి ముద్దలోకి మన పచ్చడి బాగా కుదిరిందని ఆ పెద్దాయన భార్య రెండుసార్లు అడిగి వేయించుకొన్నారు. మోకాలికి నూనె రాస్తున్నావా?

వచ్చే ఆదివారం మన సంఘంలో ప్రభువు బల్ల కదా. ఎవరైనా నా గురించి అడిగితే నవ్వి ఊరుకోవద్దు, అబద్ధమూ చెప్పవద్దు. "మాకు వాడే వ్రాశాడు" అని చెబితే చాలు. నాన్నగారూ, శనివారం ఇక్కడ ఏడు గంటలకు, మీకు తొమ్మిదిన్నరకు ఫోను చేస్తాను. కోపంగా ఉంటే కోపంగానే మాట్లాడండి. స్పీకరు మాత్రం పెట్టవద్దు.

మీ కుమారుడు