కూలీ ఏ పేజీలో ఉంది?

సంపాదకుడు గారికి,

గత ఆదివారం అనుబంధంలో ఫెయిర్ ట్రేడ్ (పేద దేశాల రైతు సంఘాలకు కనీస ధర దక్కేలా చూసే సర్టిఫికెట్ పద్ధతి) పరిశోధనల ధోరణుల మీద పేజీడు వ్యాసం వేశారు. ఆ రోజే రాయబోతే, కోపం తగ్గాక రాయమని మా ఆవిడ ఆపింది. ఐదు రోజులైంది, తగ్గలేదు.

ఏ దేశం నుంచి ఎన్ని పేపర్లు వచ్చాయి, ఎవరిని ఎవరు ఎన్నిసార్లు ఉదహరించారు, ఏ మాట పక్కన ఏ మాట వస్తోంది... పైగా రంగురంగుల బుడగల బొమ్మ! కాఫీ పళ్లు కోసే కూలీ ఆ బుడగల్లో ఎక్కడా లేదు. చివరి పేరాలో ‘మిశ్రమ ఫలితాలు’ అని రెండు ముక్కలు రాసి దులుపుకున్నారు.

ఆ రెండు ముక్కల్లో ఏముందో నేను చెబుతాను. లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇథియోపియా, ఉగాండాల్లో నాలుగేళ్లు పనిచేసి 2014లో నివేదిక ఇచ్చారు. తాము చూసిన చోట్ల ఫెయిర్ ట్రేడ్ సంఘాలున్న ప్రాంతాల్లోనే కూలి రేట్లు తక్కువన్నారు. ఒక టీ సహకార సంఘంలో ప్రీమియం డబ్బుతో, అంటే ధర మీద అదనంగా సంఘానికి ఇచ్చే సొమ్ముతో, కొత్త మరుగుదొడ్లు కట్టారు. వాడేది పెద్ద మేనేజర్లు మాత్రమేనట! పోలిక సరిగా లేదని ఫెయిర్ ట్రేడ్ వాళ్లు గట్టిగానే అభ్యంతరం చెప్పారు. ఆ వాదన కూడా వేయాల్సింది, ఎవరు వద్దన్నారు? 2019లో ఐవరీ కోస్ట్ కోకో సంఘాల మీద వచ్చిన పరిశోధనలో సంఘం ఉద్యోగులకు మేలు జరిగింది, పొలంలో కూలీకి జరగలేదు. 2022లో కోస్టారికా కాఫీదీ ఇంచుమించు అదే కథ.

ఇందులో పెద్ద మర్మమేమీ లేదు. పౌను అరబికా రకం కాఫీకి ఫెయిర్ ట్రేడ్ కనీస ధర 1.40 డాలర్లు ఉండేది, 2023లో 1.80 చేశారు. ఆ డబ్బు వెళ్లేది సంఘానికి. సంఘంలో సభ్యుడు తోట ఉన్న రైతు, కూలీ కాదు. పోనీ రైతుకైనా పూర్తిగా దక్కుతుందా అంటే, సర్టిఫికెట్ ఉన్న సరుకంతా ఆ ధరకు పోదు, మిగిలింది మామూలు బజారుకే. గ్వాటెమాలా లెక్కలు చూసినవాళ్లు లాభాన్ని సర్టిఫికేషన్ ఖర్చులే మింగేస్తున్నాయని ఏనాడో చెప్పారు.

అమెరికా సూపర్ మార్కెట్లలో ఫెయిర్ ట్రేడ్ లేబుల్ అంటిస్తే కాఫీ అమ్మకాలు దాదాపు పది శాతం పెరిగాయన్న సంగతి మాత్రం మీ వ్యాసంలో పెద్దక్షరాల్లో ఉంది. కొనేవాడి మనసంటే అందరికీ ఎంత ఆసక్తో!

తప్పు మీ ఒక్కరిదే అనను. ఈ రోజుల్లో పరిశోధన అంటే పాత పరిశోధనల్ని లెక్కపెట్టడమే అయిపోయింది. కుర్చీలోంచి లేవకుండా సాఫ్ట్‌వేర్‌తో పేపర్ తయారవుతుంటే, కూలీ రేటు అడగడానికి నాలుగేళ్లు తోటల వెంట ఎవరు తిరుగుతారు? ప్రమోషన్‌కు రెండూ ఒకటే లెక్క. వాణిజ్య చర్చలకు సూట్లు వేసుకుని వెళ్లే అధికారులు కూడా ఈ బుడగల బొమ్మల్నే ఫైల్లో పెట్టుకుంటారు కాబోలు.

వచ్చే ఆదివారం ఆ కూలి రేట్ల నివేదికల మీద ఒక వ్యాసం వేయించండి. బుడగలకు ఇచ్చిన చోటులో సగం చాలు.

– ఒక పాత చందాదారు