కంజంక్షన్ల పాఠం గురించి బిడ్డకు

బిడ్డా శైలూ,

మీ అమ్మ మురుకులు చేసి కార్గోల పంపింది. అడుగున మామిడి తొక్కు సీసా ఉంది, మూత జాగ్రత్తగ తియ్యి. పోయిన నెల అడిగినవు గదా, ఎనిమిదో తరగతికి కంజంక్షన్లు ఎట్ల చెప్పాలె అని. నేను చెప్పేలోపే ఫోన్ పెట్టేసినవు. ఇరవై రోజులాయె, మళ్ల పలుకు లేదు. స్కూల్ల పని ఎక్కువున్నదేమో.

'కలిపే మాటలు' అని ఒక్క లైను రాయించి వదిలెయ్యకు. అండ్, బట్, ఆర్ సమానమైన వాటిని కలుపుతయి. బికాజ్, ఆల్‌దో, ఇఫ్ ఒక వాక్యాన్ని ఇంకోదాని మీద ఆనిస్తయి. పిల్లలు తప్పేది అక్కడనే.

నేను కొత్తగ నౌకరిల చేరినప్పుడు ఒక పిలగాడు ప్రతి పరీక్షల 'ఆల్‌దో ఇట్ వాజ్ రెయినింగ్, బట్ వుయ్ ప్లేయ్డ్' అని రాసేటోడు. నేను ఎర్ర సిరాతోని బట్ కొట్టేసేటోణ్ని. ఒకనాడు లేచి అడిగిండు: "బట్ తీస్తే నడుమ ఏం లేదు సార్, మరి ఎట్ల కలుస్తయి?" జవాబు తెల్వక బెల్లు కొట్టేదాంక బోర్డు తుడుసుకుంట నిలబడ్డ. ఇంటికొస్తే మీ నాయనమ్మ ఎవరితోనో అంటున్నది, "వాన పడుతున్నా పొలం పోయిండు" అని. దొరికింది! మన 'నా' రెండింటి నడుమ కూసుంటది. ఆల్‌దో మొదట్లకు పోతది, నడుమ ఖాళీ అనిపించి పిల్లలు బట్ పెడుతరు. బికాజ్ రాసి సో పెట్టేది కూడ గిందుకే, మన 'కాబట్టి' ఉండేది నడుమనే. తెల్లారి రెండు భాషలు పక్కపక్కన రాసి చూపించిన. నువ్వు గూడ అట్లనే చూపియ్యి, మార్కులు కోసుడు తర్వాత.

అండ్‌కు మనకు విడి మాట అక్కర్లేదు. 'మరియు' రాతల మాట. ఇంట్ల చివరి అక్షరం సాగదీస్తం: అన్నా చెల్లెలూ. రెండు దిక్కులా సాగాలె, ఒక్క దిక్కు సాగితే కుదరదు.

రాఖీ రాలేదని అన్న నాతోని అనలేదు. అత్తమ్మ చెప్పింది. దుకాణం మడిగల కాగితం మీద నిన్ను సంతకం పెట్టుమన్నది నేను, వాడు కాదు. నీకు ముందుగాల చెప్పకపోవుడు నా తప్పే.

అన్‌లెస్‌లనే 'లేకపోతే' ఉన్నది, దాని పక్కన నాట్ పెట్టనియ్యకు. 'నువ్వు ఫోన్ చేస్తే తప్ప అమ్మ అన్నం తినదు', ఇది ఇంగ్లీషుల రాయిపియ్యి.

పొద్దున తినకుంట స్కూలుకు పోకు. ఆదివారం అన్న ఇంటికొస్తున్నడు. పది గంటలకు ఫోన్ చేస్త, ఎత్తు.

మీ బాపు