అరుణాచలంలో కర్పూరం అమ్మే ఆ పెద్దమ్మకు

మొన్నటి పౌర్ణమి రాత్రి అరుణాచల గిరిప్రదక్షిణలో, యమలింగం దాటి నైరుతి లింగం వైపు నడుస్తుండగా, మా అమ్మ గుండె పట్టుకుని రోడ్డు పక్కన కూలబడిపోయింది. ఈ ఉదయమే ఆమెను ఇంటికి తీసుకువచ్చాము. నాలుగు రాత్రులుగా నిద్ర లేదు. అయినా ఇది రాయకుండా పడుకోలేకపోతున్నాను.

అక్కడ కర్పూరం, ప్రమిదలు అమ్ముకునే ఒక పెద్దమ్మ తన గోనెపట్టా పరిచి అమ్మను పడుకోబెట్టారు. ఆ జనంలో అంబులెన్సు మా దాకా రాదని తెలియగానే కొడుకు తోపుడుబండిని ఖాళీ చేయించి, అమ్మను దానిపైకి ఎక్కించి, సరుకంతా అలాగే వదిలేసి మా వెంట నడిచారు. ఆసుపత్రి వరండాలో నేను "అరుణాచలా, భారం నీదే" అంటూనే ఐదు నిమిషాలకొకసారి తలుపు దగ్గరకు పరుగెత్తడం చూసి, తమిళం కలిసిన తెలుగులో "కర్పూరం వెలిగించాక చెయ్యి తీసెయ్యాలమ్మా, పట్టుకుంటే కాలుతుంది" అన్నారు. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

రమణ మహర్షి ఎడమచేతి కణితికి వరుసగా శస్త్రచికిత్సలు జరుగుతున్నా, 1950 ఏప్రిల్ 14న దేహం విడిచే రోజు దాకా భక్తులకు దర్శనమిచ్చారని ఏళ్లుగా చదువుతూ, ఆ నిబ్బరం మహాత్ములకే చెల్లుతుందనుకున్నాను. తెల్లవారాక ప్రాణాపాయం తప్పిందని డాక్టరు చెప్పగానే ఆవిడ కాళ్ల మీద పడ్డాను; రాత్రి నా ఏడుపును చూసిన ముఖంతోనే నా సంతోషాన్నీ చూశారు. అది పట్టనితనం కాదు, రాత్రి నా పక్కనుంచి కదలనిది ఆవిడే. డబ్బు ఇవ్వబోతే రెండు కర్పూరం పొట్లాల ఖరీదు మాత్రం తీసుకుని, కొంగున ఉన్న పొట్లాలు నా చేతిలో పెట్టి వెళ్లిపోయారు. పేరైనా అడగలేదు.

అన్నయ్య, వదిన, మావారు ఎలాగూ తోడున్నారు. కానీ గుండెనొప్పితో వచ్చిన మనిషిని గుమ్మంలోనే ఉంచి, ముందు డబ్బు కట్టి రసీదు తెమ్మన్న మొదటి ఆసుపత్రిని, ఆమోదానికి 31 గంటలు తిప్పిన బీమా వారిని సమదృష్టితో చూడడం నాకు ఇంకా చేతకావడం లేదు. ఆ రసీదు కోసం గడిచిన నిమిషాలు అమ్మవి.

అన్నట్టు, బండి తోసిన ఆ పెద్దమ్మ కొడుకుకు, జనాన్ని తప్పిస్తూ ముందు పరుగెత్తిన ఇద్దరు చిత్తూరు కుర్రవాళ్లకు, తెల్లవారుజామున నాకు కాఫీ తెచ్చిన నర్సమ్మకు కూడా నమస్కారాలు. అమ్మ కళ్లజోడు దొరికిందని ఫోను చేసినవారు ఎవరో, వారికి కూడా.